తడి ఆరని రంగు

చుక్కమ్మ ఆ గదిలో అడుగుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఇల్లు తీసుకుంటానని చెప్పేసింది. నీళ్ళు ఎప్పుడొస్తాయి, పైకప్పు కారుతుందా, పైనా కిందా ఎలాంటి మనుషులుంటారు, ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. పోనీ లోకం తెలియని మనిషా అంటే అదీ కాదు. రంగుల షాపులో కౌంటరు వెనక ఇరవై ఆరేళ్ళు నిలబడింది. మొగుడూ పెళ్ళాలు జంటగా వచ్చి రంగులు అడిగితే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో రంగుల అట్ట తిప్పి చూపించేలోపే పసిగట్టేస్తుంది. అలాంటావిడ, ఇల్లు చూపించడానికొచ్చిన బ్రోకరు ఇంకా గుమ్మంలో నిలబడి మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటుండగానే, నచ్చిందండీ అనేసింది. వంటగది కూడా ఒకసారి చూడమని అతనే బతిమాలాల్సి వచ్చింది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, తప్పంతా ఆవిడది కాదు, సగం ఆ గదిది.

ఊళ్ళో పాత కోటగోడ లోపలి పేట అది. రెండు గొడుగులు ఎదురైతే ఒకటి ముడుచుకోవాల్సినంత ఇరుకు సందులు, అరిగి నున్నబడ్డ రాతిమెట్లు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. రెండొందల ఏళ్ళ నాటి ఆ నాలుగంతస్తుల మేడ చాలాకాలం పావురాలకే ఇల్లయి, కిందటేడు మళ్ళీ మనుషుల పాలబడింది. దూలాలు గీకి నూనె పట్టించారు. నేల పలకలు ఒక్కొక్కటే పెకలించి, కడిగి, మళ్ళీ పరిచారు. వంటగదిలో మెరిసే కొళాయిలు బిగించారు. చుక్కమ్మ చూసింది రెండో అంతస్తులో వాటా. ఒక పెద్ద గది, చిన్న వంటగది, స్నానాలగది, అంతే. పెద్ద గదికి నిలువెత్తు కిటికీ ఉంది. ఎదురింటి గోడకి తగిలిన ఎండ అక్కడ కాస్త చల్లబడి, ఆ కిటికీలోంచి లోపలికొస్తుంది. గోడల రంగు నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. పావురం మెడ కింద కనిపించే రంగు. ఆ గదిలో నిలబడితే బయట ఇప్పుడే వాన వెలిసిందేమో అనిపిస్తుంది. చుక్కమ్మకి, పొద్దుటినుంచీ నిలబడ్డ కాళ్ళకి ఎవరో పీట వేసినంత హాయిగా అనిపించింది.

చుక్కమ్మ అన్నది షాపులో పెట్టిన పేరు. రంగు కలిపేటప్పుడు ఇంకొక్క చుక్క, ఇంకొక్క చుక్క అని గొణుక్కోవడం ఆవిడ అలవాటు. రంగులు సరిపోల్చే మిషను షాపులోకి వచ్చి ఎనిమిదేళ్ళయినా ఆవిడ దాని మొహం చూడదు. పాత తలుపు మీంచి ఇంత పెచ్చు తెచ్చిస్తే చాలు. బొటనవేలు నాలుకకి తాకించి ఆ పెచ్చు మీద రాస్తుంది, పైన దుమ్ము పోయి అసలు రంగు బయటపడుతుంది, కన్ను చికిలించి ఒకసారి చూస్తుంది, పని అయిపోతుంది. ఊళ్ళో సగం తలుపులు మా చుక్కమ్మ ఎంగిలి తగిలినవేనని షాపు యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

మొగుడు పోయాక ఒక నాలుగు రోజులుండి పోదామని తమ్ముడింటికి వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ ఇరవై ఏళ్ళయ్యాయి. తమ్ముడు మంచివాడు, మరదలు అంతకంటే మంచిది, ఆవిణ్ణి పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు. హాల్లో దివాను మీద పడక, దివాను కింద పెట్టె. అందరూ టీవీ కట్టేసి లేస్తేనే తను పడుకోవాలి, మొదటి మనిషి నిద్ర లేస్తే తనూ లేవాలి. తలుపు వేసుకుని కాసేపు ఏడవడానికి గాని, ఏడుపు రాకపోతే ఊరికే గోడకేసి చూస్తూ కూర్చోవడానికి గాని, ఇరవై ఏళ్ళలో ఆవిడకంటూ ఒక తలుపు లేదు. స్నానాలగదికి ఉందనుకోండి, అక్కడ ఎంతసేపని కూర్చుంటారు?

అందుకే బ్రోకరు షరతు చెబుతున్నప్పుడు ఒక చెవితోనే విన్నది. ఇల్లుగలావిడ డెబ్బై దాటిన మనిషి. పుట్టిందీ పెరిగిందీ ఈ గదిలోనే. ఎక్కడెక్కడో బతికి, ఇన్నాళ్ళకి ఈ వాటా మళ్ళీ చేతికొస్తే, తన చిన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే చేయించాలని పట్టుపట్టి చేయించింది. తీరా పని అయ్యేసరికి ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. వచ్చి చూస్తే గదంతా మంచుపట్టినట్టు కనిపించిందట. ఆపరేషన్లు అయ్యాక మళ్ళీ వచ్చి చూస్తానంది. అప్పటిదాకా ఇల్లు మూసి పెట్టకుండా ఎవరినైనా ఉండమంది. మూడు నెలలకే అద్దె కాయితం. ఆవిడ వచ్చి, అవును ఇదే మా గది అంటే మూడేళ్ళకి రాసిస్తుంది. కాదంటే సున్నాలు గీకి మళ్ళీ మొదలు, ఉన్నవాళ్ళు ఖాళీ చేయాల్సిందే. మూడు నెలలు చాలా దూరంగా కనిపించాయి చుక్కమ్మకి. పెట్టె తెచ్చుకుని దిగిపోయింది.

దిగిన రోజు ఏం చేసిందనుకున్నారు? తలుపు వేసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ వేసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి, యాభై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లలా నవ్వుకుంది.

మధ్యాహ్నం షాపు మూసే రెండు గంటలూ ఇదివరకు ఆవిడ డబ్బాల మధ్య కుర్చీలో కునికిపాట్లు పడేది. ఇప్పుడు పరుగున గదికొచ్చేస్తోంది. కిటికీ పక్క గోడకి ఆనించి మంచం వేసుకుంది. ఆ వేళకి సందుల్లో అలికిడి ఉండదు, ఎండ ఎదురింటి గోడ మీద నుంచి జారి గదిలోకి వచ్చి, ఆ నీలం కాని నీలంలో కలిసిపోతుంది. కళ్ళు మూసీ మూయకముందే మంచం కొంచెం తేలినట్టుండేది. రెండో రోజో మూడో రోజో గోడవైపు ఒత్తిగిలితే, గోడలోంచి హోరు వినిపించింది. సన్నగా, దూరంగా, వచ్చి తగ్గుతూ, మళ్ళీ వస్తూ. సముద్రం ఆవిడ జన్మలో రెండుసార్లే చూసింది. ఇక్కడికి సముద్రం ఎక్కడుంది, రైలెక్కితే ఒక పగలంతా పడుతుంది. అయినా ఆ హోరు అదే. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఆ హోరు వింటూ పడుకుంటే పేట మొత్తం లంగరు ఎత్తి మెల్లగా ఎటో కదిలిపోతున్నట్టుండేది. నాలుగింటికి లేచి మెట్లు దిగి, మళ్ళీ గట్టి నేల మీద కాలు పెట్టి షాపుకి వెళ్ళేది.

కిటికీ రెక్క బిగుసుకుపోతే సరిచేయడానికి సున్నం మేస్త్రి వచ్చాడు. ఆ మేడ గోడలన్నీ చేసింది అతనే, షాపుకి పాత ఖాతాదారు, అక్కా అని పిలుస్తాడు. హోరు సంగతి అతన్ని అడిగింది. గోడలో పాతకాలం మట్టి గొట్టం ఉందన్నాడు. మేడ మీద వాన నీళ్ళు దాంట్లోంచే దిగేవి, ఇప్పుడు బయటినుంచి కొత్త గొట్టం వేశారు, ఇది ఉత్తదే. పైన మూతి తెరిచి ఉంది కాబట్టి గాలి దూరుతోంది. సిమెంటు ముద్ద పెట్టి మూసేయనా అన్నాడు. ఆ మాటకి చుక్కమ్మ ఎంత కంగారుగా వద్దందంటే, మేస్త్రి తాపీ చేతిలో పట్టుకుని కాసేపు ఆవిణ్ణే చూశాడు.

వెళ్ళబోతూ అన్నాడు, "అయినా నీ రంగు నీకు నచ్చకేం చేస్తుందిలే అక్కా. ఇది నువ్వు కలిపిందేగా."

నిజమే. ఏడాది కిందట అతనే ఈ గది గోడ బీరువా లోపలినుంచి ఊడదీసిన ఒక పెచ్చు తెచ్చి, సున్నంలో ఏ పొడి రంగు ఎంత కలపాలో చెప్పమని కూర్చున్నాడు. ఆవిడ నాలుగు రోజులు కూర్చుని తేల్చింది. తన వంట పక్కింట్లో తింటే తనకే గుర్తు దొరకనట్టు, ఇంత గోడ మీద చూసేసరికి గుర్తుపట్టలేకపోయింది. ఇక ఆ పూటనుంచి చుక్కమ్మ కాళ్ళు నేల మీద ఆనితేగా. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. తమ్ముడికి కబురంపి మరీ చెప్పింది. తను ఇష్టపడి దిగిన గదికి తనే రంగు కలిపిందట, చూశారా విచిత్రం అని మురిసిపోయింది. ఆ మురిపెం సరిగ్గా ఆదివారం దాకా నిలిచింది.

ఆదివారం గోడ బీరువా అరల్లో కాయితాలు పరుస్తోంది. అన్నిటికంటే కింది అరలో, లోపలి మూలన, అరచేయంత మేర గోడ పాతదే ఉంది. పురాతన కట్టడాల ఆఫీసు వాళ్ళ నియమం అది. ఎంత కొత్తగా చేసినా పాత గోడ ముక్క ఒకటి ముట్టుకోకుండా వదిలేయాలి, తర్వాత ఎవరైనా వచ్చి ఇదివరకు ఎలా ఉండేదంటే చూపించడానికి. మేస్త్రీలు దాన్ని సాక్షి అంటారు. చుక్కమ్మ ముచ్చటగా వంగి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది. సాక్షి రంగు వేరు. పలచగా, తెల్లబడి, నీలం ఉందా లేదా అన్నట్టుంది. తెరిచిన బీరువా తలుపు పక్కనే తన గోడ ముదురుగా నిగనిగలాడుతోంది.

దుమ్మేమో అనుకుంది. గుడ్డతో తుడిచింది. అదే తెలుపు. అప్పుడు ఆవిడ బొటనవేలు తనంతట తనే నాలుకకి వెళ్ళింది. తడి వేలు సాక్షి మీద రాయగానే వేలు మేర గదిరంగు వచ్చేసింది, అచ్చం గోడ రంగు, వెంట్రుకవాసి తేడా లేదు. చూస్తూ కూర్చుంది. తడి ఆరుతున్నకొద్దీ ఆ రంగు అంచులనుంచి కరిగిపోతూ వచ్చి, చివరికి మళ్ళీ తెల్లబడింది.

చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది. ఆయిలు రంగు మీద తడి పెడితే దుమ్ము పోయి ఉన్న రంగు కనిపిస్తుంది. సున్నం మీద తడి పెడితే ఉన్న రంగు పోయి లేని రంగు కనిపిస్తుంది. ఈ సంగతి షాపులో చేరిన మొదటి నెల్లోనే తెలుసు ఆవిడకి. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆయిలు పెచ్చులు తడిపిన చెయ్యి, ఆ రోజు మేస్త్రి తెచ్చిన సున్నం పెచ్చునీ తడిపేసింది. కలిపిన రంగుని ఆరబెట్టి మరీ సరిచూసింది. సరిచూసినప్పుడల్లా పెచ్చుని తడిపింది. తన ఎంగిలితో తనే మోసపోయింది. ఈ గదిలో ఉన్నది గోడ రంగు కాదు, తడిసిన గోడ రంగు. పక్కనే షాపులో ఉన్న ఆ పాడు మిషను ఈ తప్పు చేసి ఉండేది కాదు. నేల మీద కూర్చునే ఆ మాట ఒప్పుకుంది, ఒప్పుకోవడానికి ప్రాణం పోయినంత పనయింది.

మేస్త్రికి చెప్పింది. అతను సాక్షిని ఒకసారి, గోడని ఒకసారి చూసి, బీరువా తలుపు మూసేశాడు. ఇల్లుగల పెద్దావిడకి డెబ్బై ఆరేళ్ళు, చూసింది అరవై ఏళ్ళ కిందట, నీకు తప్ప ఈ తేడా ఈ ఊళ్ళో ఎవరికీ కనిపించదు, నోరు మూసుకుని హాయిగా ఉండు అక్కా అని హితవు చెప్పి పోయాడు. మాట బాగానే ఉంది. కానీ శుక్లాలు తీసిన కళ్ళ సంగతి చుక్కమ్మకి తెలుసు. ఆపరేషను చేయించుకున్న ముసలాళ్ళు షాపుకొచ్చి, ఇదేమిటమ్మా ఇంత నీలం, నేను కొన్నది బూడిద రంగు కదా అని పాత డబ్బాలు తెచ్చి పోట్లాడతారు. అన్నిటికంటే ముందు వాళ్ళకి కనిపించేది నీలమే.

అదే వారంలో మరదలు చూడ్డానికి వచ్చింది. గది చాలా బాగుందంది, కిటికీలోంచి వంగి చూసింది, వెళ్ళేటప్పుడు చేయి పట్టుకుంది. "ఎప్పుడు రావాలనిపించినా వచ్చేయండి వదినా. మీ దివాను ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది." ఎంతో ప్రేమతో అన్న మాట. చుక్కమ్మకి మాత్రం దివాను కింద మళ్ళీ తన పెట్టె కనిపించింది.

మర్నాడే వెళ్ళి గుడ్డ కొనుక్కొచ్చింది. మీగడ రంగులో కాస్త పసుపు కలిసిన పలచటి గుడ్డ. పసుపులోంచి వచ్చిన వెలుతురు నీలాన్ని చంపేస్తుందని రంగులు కలిపేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కిటికీకి ఒక పొర వేసి చూసింది, చాల్లేదు, రెండో పొర వేసింది. గుమ్మంలో నిలబడి, కన్ను చికిలించి, కొసలో ఇంకొక్క బెత్తెడు దించింది. గోడలు పలచబడి, తెల్లబడి, సాక్షి పక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా తయారయ్యాయి. ఇరవై ఆరేళ్ళ విద్యంతా ఆ పరదాలో పెట్టింది. ఇంత బాగా కుదిరినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే గోడలో హోరు ఎప్పటిలాగే వచ్చింది గాని, గది మాత్రం కదల్లేదు, ఉన్నచోటే ఉండిపోయింది.

పెద్దావిడ చెప్పిన రోజునే, మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో కర్ర, వెనక కాయితాల సంచీతో బ్రోకరు. మెట్ల దగ్గర అతను చేయి అందించబోతే, ఆపరేషను కళ్ళకి గాని కాళ్ళకి కాదని కసిరిందట. కట్లు విప్పిన రోజు అద్దంలో చూసుకుని, ఈ ముడతలన్నీ ఎప్పుడు వచ్చాయని నర్సుని నిలదీసిందట కూడా. ఇవన్నీ ఆవిడే చెప్పి, ఆవిడే నవ్వి, కుర్చీలో కూర్చుంది. చుక్కమ్మ కూడా నవ్వింది, చూపు మాత్రం పరదా మీదే ఉంది.

పెద్దావిడ నల్ల కళ్ళద్దాలు తీసింది. దూలాలు చూసింది, నేల చూసింది, కిటికీ చూసింది. గోడల్ని ఒకదాని తర్వాత ఒకటి చాలాసేపు చూసింది.

"బాగుంది. ఇలాగే ఉండేదనుకుంటా," అంది.

బ్రోకరు క్షణం ఆలస్యం చేయకుండా కాయితాలు తీసి బల్ల మీద పరిచాడు. పెన్ను మూత తీసి ఇచ్చాడు. చుక్కమ్మకి మూడేళ్ళు కళ్ళముందు కనిపించాయి. తలుపు, గడియ, మధ్యాహ్నాలు. గెలిచింది. ఒక్క సంతకం పడితే ఇక ఎవరూ తనని కదిలించలేరు. కానీ పాడు కళ్ళు, అవి ఊరుకుంటేగా. ఇరవై ఆరేళ్ళుగా మనుషుల మొహాలు చూసిన కళ్ళు. అడిగిన రంగు రాకపోయినా, ఇంత కష్టపడి కలిపారు పాపం అని మొహమాటానికి డబ్బా పట్టుకుపోయేవాళ్ళుంటారు. బాగుందండీ అంటారు, మళ్ళీ ఆ షాపు గడప తొక్కరు. పెద్దావిడ మొహం అచ్చం అలా ఉంది. అంత దూరంనుంచి వచ్చి తలుపు తడితే లోపల తెలిసినవాళ్ళెవరూ లేరు, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోదామనుకుంటోంది.

చుక్కమ్మ లేచి వెళ్ళి పరదా రెండు పొరలూ లాగి పారేసింది. గదిలోకి నీలం దూసుకొచ్చింది.

"సంతకం పెట్టకండి. నేను మిమ్మల్ని మోసం చేశాను," అంది.

మొదలుపెట్టాక ఏదీ దాచలేదు. తడి వేలు సంగతి, పెచ్చు సంగతి, పరదా సంగతి అన్నీ చెప్పింది. పెద్దావిణ్ణి బీరువా దగ్గరికి తీసుకెళ్ళి కింద సాక్షిని చూపించింది. మీ గోడల అసలు రంగు ఇదండీ, నేను వేయించింది తడిసిన గోడ రంగు, గీకించేసి మళ్ళీ చేయించుకోండి, ఈసారి రంగు నేను ఊరికే కలిపిస్తాను, సామాను ఎల్లుండికి తీసేస్తాను అంది. బ్రోకరు పెన్ను మూత పెట్టాలో వద్దో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దావిడ సాక్షివైపు తలూపింది, అవును ఇదే అన్నట్టు. తర్వాత ఇటు తిరిగింది. కిటికీ పక్క గోడకేసి చూసి, మంచం జరపమంది. ఇద్దరూ కలిసి జరిపారు. ఆవిడ కర్ర కింద పెట్టి, గోడకి దగ్గరగా వెళ్ళి, వంగి, నేలకి రెండు జానల ఎత్తులో చేయి ఆనించింది. మోకాలు నొప్పెట్టినా ఆనించే ఉంచింది.

"ఈ గోడ ఒక్కటే ఇలా ఉండేది," అంది. "ఎప్పుడూ తడే. లోపల గొట్టం కారేది."

అక్కడే నేల మీద ఆవిడకీ చెల్లెలికీ కలిపి పడక వేసేవాళ్ళట. ఆవిడకి పదకొండేళ్ళు, చెల్లెలికి ఏడు. గోడపక్కన పడుకున్నవాళ్ళకి దుప్పటి చెమ్మగిల్లి, తెల్లారేసరికి ఒళ్ళు జివ్వుమనేది. ఆవిడకి ఆ తడంటే అసహ్యం. పెద్దపిల్లవి నువ్వే అటు పడుకో అంది అమ్మ. ఆవిడ ఒక ఉపాయం పన్నింది. గోడవతల సముద్రం ఉందని, అందుకే గోడ తడిగా ఉంటుందని, అటువైపు పడుకుని చెవి పెడితే వినిపిస్తుందని చెల్లెలికి చెప్పింది. పిల్ల ఎగిరి గంతేసింది. ఆ రోజునుంచి గోడపక్క చోటు దానిదే, అక్క అడిగినా ఇచ్చేది కాదు. చెంప గోడకి ఆనించి పడుకునేది. చలికాలం దగ్గు పట్టుకుంది, అది ఛాతీలోకి దిగింది, ఎండాకాలం రాకుండానే పోయింది. చెమ్మ ఇల్లు అన్నారు అందరూ. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ పిల్లని అటువైపు ఎవరు పడుకోబెట్టారో అమ్మకి కూడా తెలియదు.

"రోజూ అడిగేదాన్ని, వినిపిస్తోందా అని. వినిపిస్తోందక్కా అనేది," అంది పెద్దావిడ. "నేను చెప్పిన అబద్ధం నా కోసం మోసింది. వినపడలేదంటే నేను చిన్నబుచ్చుకుంటానని."

డెబ్బై ఆరేళ్ళ మనిషి గోడ పట్టుకుని ఏడుస్తుంటే ఏం చేయాలో బ్రోకరుకి తెలియలేదు, బూట్లకేసి చూసుకున్నాడు. చుక్కమ్మకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకుంటూ ఉండగానే ఆవిడకి గోడలో హోరు గుర్తొచ్చింది.

"మీరెప్పుడూ చెవి పెట్టి వినలేదాండీ?" అని అడిగింది.

"చెప్పానుగా అమ్మాయ్, నాకు ఆ తడంటే అసహ్యం. ఒక్కసారీ ముట్టుకోలేదు."

చుక్కమ్మ పెద్దావిడ మోచేయి పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చోబెట్టింది, వీపు వెనక తన తలగడ పెట్టింది. ఒక్కసారి చెవి పెట్టండి, తడి లేదు, రంగే అలా ఉంది, లోపలంతా పొడే అంది. పెద్దావిడ ముందు అరచేత్తో తడిమి చూసుకుంది. తర్వాత తల వాల్చి, చెంప గోడకి ఆనించింది.

మేడ పైన గాలి లేచినట్టుంది. కిటికీ రెక్క కొంచెం కదిలింది. పెద్దావిడ కనుబొమలు ముడుచుకున్నాయి, తర్వాత ఒక్కొక్క ముడతే వదులుతూ వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన కళ్ళు, వాటిని గట్టిగా మూసుకుంది. చాలాసేపటికి, నిద్రలో మాట్లాడినంత మెల్లగా అంది.

"వినిపించే చెప్పిందే పిచ్చిది. అరవై అయిదేళ్ళు... నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను."

చుక్కమ్మ ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది. కొంతసేపటికి పెద్దావిడ కళ్ళు తెరవకుండానే, మిగతా మూడు గోడలూ పొడిగా చేయించమ్మాయ్, సాక్షిలో ఉన్నట్టు అంది. దీన్ని మాత్రం ముట్టుకోవద్దంది, ఆ గొట్టం మూతి ఎవరు మూస్తానన్నా మూయనివ్వద్దంది. మూడేళ్ళ కాయితం బల్ల మీదే ఉంచమంది, లేచాక సంతకం పెడుతుందట. మధ్యాహ్నం వేళల్లో అప్పుడప్పుడు వస్తే నీకు ఇబ్బందా అని కూడా అడిగింది. చుక్కమ్మ తలూపింది. కళ్ళు మూసుకున్న మనిషికి తలూపితే ఏం తెలుస్తుందని గుర్తొచ్చి, ఇబ్బందేం లేదండీ, రండి అంది.

"ఇక కాసేపు నన్ను విననివ్వండి," అంది పెద్దావిడ.

చుక్కమ్మ బ్రోకరుకి సైగ చేసి బయటికి నడిపించింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ కాళ్ళు ముడుచుకుని, చెంప గోడకానించి, ఏడేళ్ళ పిల్ల పడుకునేంత చోటులో ఒదిగిపోయి ఉంది. సంతకం సంగతేమిటండీ అని బ్రోకరు గుసగుసలాడాడు. చుక్కమ్మ తన తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మెట్ల మీద కూర్చుంది.